అయిదు నిమిషాల వంతు

ముప్పై ఒక్క ఏళ్లు పెద్దల సభలో కూర్చున్నాను.
పెద్దవాణ్ణి కాదు.
పీఠానికి కింద, సభ నడిమధ్య బల్ల దగ్గర
పెన్సిలు చెక్కుకుని వచ్చే రిపోర్టర్ని.
వంతుకు అయిదు నిమిషాలు.
వెనక ఇంకొకడు మెత్తగా వచ్చి నిలబడితే
సగం వాక్యం వాడికి అప్పగించి లేచిపోవాలి.
తివాచీ మీద చెప్పుల చప్పుడు కూడా వినపడకూడదు.

అందుకే నేను ఏ చర్చకీ చివర వినలేదు.

ఒకసారి వరద నష్టం మీద ఒక సభ్యుడు
గొంతు పూడుకుపోయి
"ఆ తల్లి నన్నేమడిగిందంటే" అన్నాడు.
నా వంతు అయిపోయింది.
మర్నాడు అచ్చులో చూసుకోవచ్చు.
చూసుకోలేదు.

అల్లవరం టీకొట్టు దగ్గర కుర్రాళ్లు అడుగుతారు,
"అక్కడ అందరికన్నా పెద్ద ఎవరండీ?"
చైర్మన్ లేస్తే అందరూ కూర్చోవాలి.
ఆయన లేనప్పుడు డిప్యూటీ,
ఆయనా లేకపోతే ప్యానెల్లో ఒకరు.
మనుషులు మారతారు గానీ కుర్చీ చల్లారదు.
సెక్రటరీ జనరల్ వంగి చెవిలో రూలు నంబరు చెబుతాడు,
అది చైర్మన్ నోట్లోంచి వస్తే రూలింగు.
విప్ అంటారా,
ఓటు గంట మోగగానే క్యాంటీన్లోంచి
ఒక్కొక్కర్నీ అదిలించుకొస్తాడు,
మసక వేళ కోత చేలోంచి బాతుల్ని తోలినట్టు.
మరి మీరో, అంటారు.
రికార్డంతా మా చేతిరాతేరా అబ్బాయిలూ,
అందులో మేము ఒక్క మాటా కాము.

ఎగువ సభ అని దానికి ఇంకో పేరు.
ఎగువంటే ఏమిటో ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మార్చి నెలాఖరు. దాళ్వా పాలుపోసుకుంటోంది.
బెండమూర్లంక కాలువ లాకు పక్క
రేకుల షెడ్డులో నీటి సంఘం మీటింగు.
"ఢిల్లీలో రాసినోరు, మీకిదో లెక్కా?"
అని పుస్తకం నా ఒళ్లో పడేశారు.

అధ్యక్షుడు సత్తిరాజు గారిది తూము పక్క చేను.
లస్కరు పోలయ్య గుమ్మంలో నిలబడ్డాడు,
తలుపుల తాళంచెవి మొలతాడుకి కట్టుకుని.
ఏ మార్షల్‌కీ అంత అధికారం నేను చూడలేదు.

గోల మొదలైంది.
అక్కడైతే "అంతరాయం" అని ఒక్క మాట రాసి
ఊపిరి పీల్చుకునేవాళ్లం.
ఇక్కడ చెయ్యి ఆగింది.
ఆ అంతరాయంలో ఎవడివో మూడెకరాలు ఎండుతున్నాయి.

ఎవరో ఆదెమ్మని ఒక మాట అన్నారు.
"అది రికార్డులోకి వద్దండి" అన్నారు సత్తిరాజు గారు.
అలాగేనన్నాను.
తీసేసిన మాటలు ముప్పై ఏళ్లుగా
నా ఎడమ చెవిలో అద్దెకుంటున్నాయి,
ఇదీ వచ్చి చేరింది.

బొంతు ఆదెమ్మది శివారున రెండెకరాల కౌలు,
ఉప్పుటేరు పొంగితే మొదట ఎక్కే చోటు.
ఆమె లేచేసరికి లైటు చుట్టూ పురుగులు.
సగం మంది మోటారు సైకిళ్లు స్టార్టు చేశారు.
"మాస్టారూ, ఆఖరాటో" అని ఎవరో తట్టారు భుజం మీద.
అలవాటుకొద్దీ సగం లేచాను.
వెనక్కి చూస్తే
వాక్యం అందుకోడానికి ఎవడూ లేడు.

కూర్చున్నాను.

"నా వంతు ఆదివారం రేతిరన్నారు.
కాయితం మీద ఆదివారం వచ్చింది, నీళ్లొచ్చినాయి.
చేలోకి ఆదివారమే వచ్చింది.
మీ కాయితం తడిపితే నా గింజ నిండుద్దా?"

అయిదు నిమిషాలు దాటింది. పది. నలభై.
పొట్టి రాత మర్చిపోయి
నిండు అక్షరాలతో రాశాను.
సత్తిరాజు గారు వాచీ చూసుకుని
మీటింగు వాయిదా అన్నారు.

ఆదెమ్మ కదల్లేదు.
"రాశావా బాబూ?"
"రాశానమ్మా."
"చదువు."

"శ్రీమతి బొంతు ఆదెమ్మ గారు
సభ దృష్టికి తెచ్చి విన్నవించుకున్నది ఏమనగా..."

"ఇన్నవించుకోలేదు" అంది. "అడిగాను."

కొట్టేశాను.
పైన రాశాను, అడిగింది.